డబ్బా శనగల కట్టు పారబోయాలా?

అమెరికాలో మా ఇంటికి అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఒక సాయంత్రం గుగ్గిళ్ళు చేద్దామని కాబూలీ శనగల డబ్బా తెరిచాను. శనగలను చిల్లుల గిన్నెలోకి వంపి, కుళాయి కింద పెట్టి, నురుగు పోయేదాకా కడుగుతున్నాను. అమ్మ పక్కన నిలబడి చూసి, "అదేమిటమ్మా, కట్టంతా పారబోస్తున్నావు?" అంది.

ఆ జిగట నీళ్ళకు మన భాషలో ఒక పేరుందని అంతవరకు నాకు తట్టలేదు. పప్పో గింజలో ఉడికిన నీరు కట్టు. బొబ్బట్లు చేసిన రోజున శనగపప్పు వార్చిన కట్టుతో చారు పెట్టుకుంటాం. ఉలవలు ఉడికిన కట్టును గంటల తరబడి మరగబెడితే ఉలవచారు అవుతుంది. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, డబ్బా తెరవగానే ఆ నీటిని ఎందుకు పారబోస్తున్నాను? వంటల పుస్తకాల్లో "వడకట్టి, కడిగి" అని రాసి ఉంటుంది కాబట్టి అలా చేస్తున్నానంతే. ఎందుకో ఏ పుస్తకమూ చెప్పలేదు. అమ్మ అడిగిన ప్రశ్నకు సరైన జవాబు కావాలంటే ముందు డబ్బాలోకి గింజ ఎలా చేరిందో తెలియాలి.

డబ్బా గింజల గురించి ఎక్కువమందికి ఉన్న అపోహ ఏమిటంటే, ఉడికించిన గింజలను తెచ్చి డబ్బాలో పోసి మూత వేస్తారని. జరిగేది వేరు. ఎండు గింజలను నానబెడతారు. వేడి నీటిలో కాసేపు ఉంచి ఆ నీటిని పారబోస్తారు. ఇంకా గట్టిగా ఉన్న ఆ గింజలను డబ్బాలోకి ఎత్తి, ఉప్పు కలిపిన వేడి నీరు పోసి, మూతను గాలి చొరబడకుండా బిగిస్తారు. ఆ తరువాత డబ్బాలనే పెద్ద ఆవిరి పాత్రల్లో పెట్టి ఉడికిస్తారు. అంటే గింజ అసలు ఉడికేది డబ్బాలోనే. మన ఇళ్ళలో ప్రెషర్ కుక్కర్ పూర్తి ఒత్తిడి మీద ఉన్నప్పుడు లోపలి వేడి దాదాపు 120 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ఆ కర్మాగారపు పాత్ర కూడా ఇంచుమించు అదే వేడిలో, 116 నుంచి 121 డిగ్రీల మధ్య పనిచేస్తుంది. ఒక్కొక్క డబ్బా మూత పెట్టిన ఒక చిన్న కుక్కర్ గిన్నె అన్నమాట. దానిలోని నీరు ఆ గింజల కట్టే. అమ్మ మాట నూటికి నూరుపాళ్ళు నిజం.

అంత వేడి ఎందుకు అన్నదానికి ఒక చరిత్ర ఉంది. ఫ్రాన్సులో నికోలా అపేర్ అనే మిఠాయి తయారీదారు గాజు సీసాల్లో కూరగాయలు, బఠాణీలు, చిక్కుడు గింజలు నింపి, బిరడా బిగించి, మరిగే నీటిలో ఉంచితే నెలల తరబడి పాడవకుండా ఉంటాయని కనిపెట్టాడు. ఆ పద్ధతిని అందరికీ తెలిసేలా అచ్చు వేయాలన్న షరతు మీద ఫ్రెంచి ప్రభుత్వం అతనికి 12,000 ఫ్రాంకులు ఇచ్చింది. పుస్తకం 1810లో వచ్చింది. అదే ఏడాది లండన్‌లో పీటర్ డ్యురాండ్ తగరం పూత పూసిన ఇనుప డబ్బాకు పేటెంటు తీసుకున్నాడు. పద్ధతి ఎందుకు పనిచేస్తుందో అపేర్‌కు తెలియదు. సూక్ష్మజీవుల సంగతి లూయీ పాశ్చర్ తేల్చేసరికి మరో అర్ధశతాబ్దం గడిచింది. అయినా కొన్ని డబ్బాలు ఉబ్బిపోతూనే ఉండేవి. 1890లలో బోస్టన్‌లో శామ్యూల్ ప్రెస్కాట్ అనే శాస్త్రవేత్త, విలియం అండర్‌వుడ్ అనే డబ్బా ఆహార వ్యాపారి కలిసి దానికి కారణం పట్టుకున్నారు. కొన్ని సూక్ష్మజీవులు గట్టి పెంకు లాంటి బీజరూపంలోకి మారిపోతాయి. మరిగే నీటి వేడి, అంటే 100 డిగ్రీలు, వాటిని చంపలేదు. ఇంకా పై వేడి కావాలి, దానికి ఒత్తిడి కావాలి.

వాటిలో అన్నిటికన్నా భయపడవలసింది క్లాస్ట్రీడియం బొటులినమ్. గాలి లేని చోట, పులుపు లేని చోట అది పెరిగి, మనకు తెలిసినవాటిలో అతి తీవ్రమైన విషాల్లో ఒకదాన్ని తయారుచేస్తుంది. ఆమ్లతను పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, పులుపు పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. పీహెచ్ 4.6 కన్నా ఎక్కువ ఉన్న ఆహారాలన్నీ దానికి అనుకూలం. చింతపండు పులుసు, ఆవకాయ ఆ గీతకు ఇవతల ఉంటాయి. గింజలు అవతల ఉంటాయి. అందుకే డబ్బా నట్టనడుమ ఉన్న గింజకు కూడా 121 డిగ్రీల వేడి కనీసం మూడు నిమిషాలు తగిలినంత ఫలితం రావాలన్నది ఈ పరిశ్రమకు మూలసూత్రం. వేడి నడుమకు చేరడానికి చాలాసేపు పడుతుంది. ఈలోగా అంచున ఉన్న గింజలు అవసరానికి మించి ఉడికిపోతాయి. డబ్బాలో కొన్ని గింజలు చితికి, కొన్ని నిండుగా ఉండడం, నీరు అంత జిగటగా మారడం ఇందువల్లే.

ఇప్పుడు ఆ నీటిలో ఏముందో చూద్దాం. నూటికి 90 పాళ్ళకు పైగా నీరే. మిగిలినదానిలో గింజ నుంచి దిగిన పిండిపదార్థం, కొంత మాంసకృత్తు, కొన్ని చక్కెరలు, నీటిలో కరిగే కొన్ని బి విటమిన్లు, సాపోనిన్లు ఉంటాయి. కుళాయి కింద పెట్టగానే వచ్చే నురుగుకు ముఖ్య కారణాల్లో ఈ సాపోనిన్లు ఒకటి. కుంకుడుకాయ నురగకు మూలం కూడా ఈ జాతి పదార్థమే. నురుగు చూసి డబ్బాలో ఏదో రసాయనం కలిపారని భయపడేవాళ్ళను చాలామందిని చూశాను. ఇంట్లో శనగలు ఉడికించినా కుక్కర్ మూతకు అంటుకునే నురుగు ఇదే.

ఆ చక్కెరల గురించి కూడా చెప్పాలి. రాఫినోజ్, స్టాకియోజ్ అనే ఈ చక్కెరలను అరిగించే ఎంజైము మనిషి పేగుల్లో లేదు. అవి పెద్దపేగు దాకా చేరి అక్కడి సూక్ష్మజీవులకు ఆహారమవుతాయి. శనగలు తిన్న రాత్రి కడుపు ఉబ్బరానికి మూలం ఇది. ఇవి నీటిలో కరుగుతాయి కాబట్టి కొంత భాగం కట్టులోకి దిగి ఉంటుంది. కట్టు తీసేస్తే ఆ కొంత పోతుంది, అంతా పోదు. గ్యాసు బాధ ఎక్కువగా ఉన్నవాళ్ళు కడుక్కోవడానికి ఇది సరైన కారణమే.

అమ్మ కట్టుకూ డబ్బా కట్టుకూ అసలు తేడా ఉప్పు దగ్గర వస్తుంది. ఇంట్లో గింజలు ఉడికించేటప్పుడు ఉప్పు మన చేతిలో ఉంటుంది. డబ్బాలో అది ముందే పడిపోయింది. అమెరికాలో దొరికే మామూలు డబ్బా 425 గ్రాములది. దాని మీద సోడియం లెక్క అర కప్పుకు ఇస్తారు. 300 నుంచి 450 మిల్లీగ్రాముల దాకా ఉన్న డబ్బాలు మామూలు. అలాంటి అర కప్పులు డబ్బాలో సుమారు మూడున్నర ఉంటాయి. 400 చొప్పున వేసుకుంటే డబ్బా మొత్తం మీద 1,400 మిల్లీగ్రాముల సోడియం, అంటే దాదాపు మూడున్నర గ్రాముల ఉప్పు. ఒక మనిషికి రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాముల సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన కూరలో పోపుకు ముందే, ఊరగాయ పక్కన పెట్టకముందే, అప్పడం వేయించకముందే ఈ ఉప్పు వచ్చి చేరుతోంది. రక్తపోటు ఉన్న పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

వడకట్టి కడిగితే అందులో సుమారు 40 శాతం సోడియం పోతుందని అమెరికాలో చేసిన కొలతలు చెబుతున్నాయి. ఆ లాభంలో ఎక్కువ భాగం వడకట్టడంతోనే వస్తుంది. కడగడం వల్ల కలిసేది కొద్దిగానే. కారణం సులభం: ఉప్పు నీటిలోనూ ఉంది, గింజ లోపలా ఉంది. వడకడితే నీటిలోది పోతుంది. పది సెకన్లు కుళాయి కింద పెడితే గింజ ఒంటి మీద అంటినది పోతుంది. కండలోకి ఇంకినది అలాగే ఉంటుంది. దాన్ని కూడా కొంత లాగాలంటే కడిగిన గింజలను ఉప్పు లేని వేడినీటిలో వేసి పది, పదిహేను నిమిషాలు సన్నని సెగ మీద ఉంచి, ఆ నీటిని వంపేయాలి. నేను రాజ్మాకు ఎప్పుడూ ఇలాగే చేస్తాను. డబ్బా వాసన కూడా దీనితో చాలావరకు విరిగిపోతుంది. ఆ వాసన ఏదో లోహపు విషమని అనుకోనక్కర్లేదు. గింజల్లోని మాంసకృత్తులు మూత బిగించిన చోట అంత వేడికి గురైనప్పుడు గంధకపు వాయువులు పుడతాయి. బయటికి పోయే దారి లేక అవి అక్కడే ఉండిపోతాయి, మూత తీయగానే ముక్కుకు తగులుతాయి.

కొనేటప్పుడే ఉప్పు కలపని డబ్బా ఎంచుకుంటే ఈ శ్రమలో సగం ఉండదు. కాని పేరు జాగ్రత్తగా చదవాలి. అమెరికా నిబంధనల ప్రకారం "తక్కువ సోడియం" అంటే ఒక వడ్డనకు 140 మిల్లీగ్రాములకు మించకూడదు. "తగ్గించిన సోడియం" అంటే మామూలు రకం కన్నా 25 శాతం తక్కువ ఉంటే చాలు, అది ఇంకా చాలా ఉప్పే కావచ్చు. కొన్నిటిలో సోడియం తగ్గించడానికి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకు అది మంచిది కాదు కాబట్టి వాళ్ళు డాక్టరును అడిగి తీసుకోవాలి. మరో సంగతి: అమెరికాలో ఎర్ర రాజ్మా డబ్బాల్లో చాలావాటిలో చక్కెర కూడా ఉంటుంది. మన మసాలాలో ఆ తీపి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక తికమక పడతాం. ఆ కట్టును నేను నిస్సంకోచంగా పారబోస్తాను.

కాబట్టి పారబోయాలా వద్దా అన్నది డబ్బా మీద రాసి ఉన్నదాన్ని బట్టి, మనం వండబోయేదాన్ని బట్టి తేలుతుంది. అన్నిటికీ ఒకే నియమం లేదు. పొడిగా ఉండవలసిన వంటకమైతే కట్టు శత్రువు. గుగ్గిళ్ళు, సలాడ్, ఓవెన్‌లో కరకరలాడేలా వేయించే శనగలు, పులావులో వేసే గింజలు ఈ కోవలోవి. చిక్కదనం కావలసిన వంటకమైతే అది ఆస్తి. చారు, సూపు, రాజ్మా కూర, మెక్సికో వాళ్ళ నల్ల చిక్కుడు గింజల కూర ఈ వైపున ఉంటాయి. నల్ల చిక్కుడు గింజల కట్టు సిరాలా నల్లగా ఉంటుంది. సలాడ్‌లో పడితే మొక్కజొన్న గింజలు, ఉల్లిపాయలు అన్నీ మురికిపట్టినట్టు కనిపిస్తాయి. అదే కూరలో పడితే ఆ నలుపే దాని అందం. ఇక టమాటా సాసులో వచ్చే బేక్డ్ బీన్స్ వేరే జాతి. బ్రిటన్‌లో చదువుకునే మన పిల్లలు కొందరు వాటిని కూడా కడిగి పోపు వేస్తుంటారు. కడగడానికి అందులో కట్టు లేదు, ఉన్నదంతా తీపి కలిసిన సాసు. ఆ డబ్బా రొట్టె ముక్క మీదికి చేసినది, మన పులుసులోకి కాదు.

గుగ్గిళ్ళ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే డబ్బా శనగలతో ఎక్కువమంది చేసేదీ అదే, ఎక్కువగా చెడేదీ అదే. కడిగిన శనగలను వెంటనే బాణలిలో వేస్తారు. గింజ ఒంటి మీది నీరు నూనెను చల్లారుస్తుంది. ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు ఇచ్చిన సువాసన ఆవిరితో పోతుంది. చివరికి మిగిలేది తడి గింజలు, పక్కన విడిగా తేలే పోపు. శనగలను కడిగాక చిల్లుల గిన్నెలోనే పదిహేను నిమిషాలు వదిలేసి, ఆపై పొడి బట్ట మీద పరిచి మెల్లగా ఒత్తి తుడవాలి. అప్పుడు నూనెలో వేస్తే పైపొర కొద్దిగా ముడతపడి పోపును పట్టుకుంటుంది. అల్లం, పచ్చిమిర్చి తరుగు నూనెలోనే వేగాలి. కొబ్బరి, నిమ్మరసం పొయ్యి ఆపాక వేయాలి. ఉప్పు మాత్రం ఒక గింజ నోట్లో వేసుకుని చూశాకే. నూనె ఎక్కువ పోసి వేయించాలనుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. డబ్బా శనగ లోపల నీరు నిండి ఉంటుంది. వేడి నూనెలో ఆ నీరు ఆవిరై, పైపొరను చీల్చుకుని పేలినట్టు బయటికి వస్తుంది. నూనె చిమ్మి ముఖం కాలుతుంది. వేయించిన శనగల కోసమైతే ఓవెన్‌లో 200 డిగ్రీల వద్ద 30 నుంచి 40 నిమిషాలు ఉంచడం మేలు, అదీ బాగా తుడిచాకే.

దేవుడికి నైవేద్యంగా డబ్బా శనగలు పెట్టవచ్చా అని దసరా రోజుల్లో చాలామంది అడుగుతారు. వేరేచోట వండి ఉప్పు కలిపిన పదార్థం అది. మడి పాటించే ఇళ్ళలో అది కుదరదు. ఆ తొమ్మిది రోజులకైనా ముందురోజు రాత్రి శనగలు నానబోసుకోవడం నాకు ఇష్టం.

ఇక గింజ మెత్తదనం. పదార్థాల పట్టికలో కాల్షియం క్లోరైడ్ అని ఉంటే అది గింజ చితికిపోకుండా ఉండడానికి వేసినది. గింజ కణాలను అతికించి ఉంచే పెక్టిన్ అనే జిగురును కాల్షియం బిగిస్తుంది. డైసోడియం ఈడీటీఏ అని ఉంటే అది రంగు మారకుండా ఉండడానికి. రెండూ అనుమతించిన మోతాదులో కలిపేవే. సలాడ్‌కు ఈ బిగువు మంచిదే. కాని హమ్మస్ అనే అరబ్బుల శనగల ముద్ద నూరాలన్నా, రాజ్మాను వెన్నలా మెదిపి కూరలో కలపాలన్నా ఇది అడ్డుపడుతుంది. ఎంత మరిగించినా గింజ అలాగే నిలబడి ఉంటుంది. అప్పుడు చిటికెడు కాదు, డబ్బాకు అర చెంచా వంటసోడా వేసి, గింజలు మునిగేలా నీరు పోసి ఇరవై నిమిషాలు మరిగించాలి. క్షారగుణం పెక్టిన్‌ను కరిగిస్తుంది. పొట్టు ఊడి పైకి తేలుతుంది, గింజ వేళ్ళ మధ్య నలిగిపోతుంది. ఆ నీటిని తప్పక పారబోసి గింజలను బాగా కడగాలి, లేకపోతే సోడా చేదు నాలుకకు తగులుతుంది.

పులుపు దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఎండు అలసందలు ఉడకకముందే చింతపండు పోస్తే ఇక ఉడకవని మన పెద్దవాళ్ళు చెప్పేది అక్షరాలా నిజం. పులుపు ఆ జిగురును కరగనివ్వదు. డబ్బా అలసందలు అప్పటికే ఉడికి ఉన్నాయి కాబట్టి పులుసులో మొదటి నుంచీ వేయవచ్చు. పులుపు వాటిని చితకకుండా కాపాడుతుంది కూడా. పావుగంట పులుసులో మరిగినా గింజ గింజగానే ఉంటుంది. ఎండు గింజతో చేసే పులుసు కన్నా ఇక్కడ డబ్బా గింజ ఒక మెట్టు పైన ఉంటుందని నా అనుభవం.

రుచి విషయంలో మాత్రం ఎండు గింజదే పైచేయి. ఎండు గింజ నీటిని పీల్చుకుంటూ ఉడుకుతుంది, ఆ నీటిలో అల్లం, బిర్యానీ ఆకు, యాలకులు ఉంటే వాటినీ పీల్చుకుంటుంది. డబ్బా గింజ కడుపు ముందే నిండిపోయి ఉంది. మసాలా దాని చుట్టూ తిరుగుతుంది, లోపలికి చాలా నెమ్మదిగా వెళ్తుంది. అందుకే చివర్లో గింజలు వేసి ఒక పొంగు రానిచ్చి దించేసిన రాజ్మా కూరలో గ్రేవీ ఒక రుచిగా, గింజ మరో రుచిగా ఉంటాయి. ఉల్లి, టమాటా మసాలా నూనె తేలేదాకా వేగాక గింజలు వేసి, గుప్పెడు గింజలను గరిటె వెనకతో చిదిమి, ఒక కప్పు నీరు పోసి, మూత పెట్టి సన్నని సెగ మీద అరగంట ఉంచాలి. చిదిమిన గింజల పిండి పారబోసిన కట్టు చిక్కదనాన్ని తిరిగి ఇస్తుంది. కుక్కర్ జోలికి మాత్రం పోవద్దు. ఒక్క విజిల్‌కే ముద్దైపోయే గింజలు నేను చూశాను.

పచ్చి రాజ్మా విషమని ఎక్కడో చదివి, భయంతో డబ్బా రాజ్మాను కూడా మూడు విజిళ్ళు పెట్టేవాళ్ళున్నారు. భయానికి ఆధారం ఉంది, చోటు తప్పింది. ఎర్ర రాజ్మాలో ఫైటోహీమగ్లుటినిన్ అనే పదార్థం ఉంటుంది. సరిగా ఉడకని నాలుగైదు గింజలు తిన్నా కొన్ని గంటల్లో తీవ్రంగా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. నానబెట్టి, ఆ నీరు పారబోసి, బాగా మరిగే నీటిలో అరగంట ఉడికిస్తే అది నశిస్తుంది. డబ్బా గింజ అంతకన్నా ఎక్కువ వేడిని దాటి వచ్చింది కాబట్టి దానికి ఆ భయం లేదు. జాగ్రత్త పడవలసింది ఎండు రాజ్మాను తిన్నగా స్లో కుక్కర్‌లో, అంటే తక్కువ వేడి మీద గంటల తరబడి వండే కరెంటు పాత్రలో, వేసి ఉద్యోగానికి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ పాత్ర చాలాసార్లు మరుగు స్థాయికి చేరదు. గింజ మెత్తబడుతుంది, విషం చావదు. స్లో కుక్కరే కావాలనుకునేవాళ్ళు అందులో డబ్బా రాజ్మా వేయడం క్షేమం.

డబ్బా విషయంలో నిజంగా భయపడవలసిన చోటు మరొకటి ఉంది. అడుగు గానీ మూత గానీ ఉబ్బిన డబ్బా, కారుతున్న డబ్బా, తెరవగానే బుస్సున చిమ్మిన డబ్బా, వింత వాసన వచ్చే డబ్బా కనిపిస్తే రుచి చూడవద్దు. మరిగిస్తే పోతుందిలే అనుకోవద్దు. బొటులినమ్ విషానికి రంగు, వాసన ఉండకపోవచ్చు. డబ్బాకు సొట్ట పడితే అది ఎక్కడ పడిందో చూడాలి. పక్కన చిన్న సొట్ట ఫర్వాలేదు. వేలు ఇమిడేంత లోతు సొట్టైనా, మూత అతికిన అంచు మీద పడిన సొట్టైనా పారేయాలి. ఆ అంచే లోపలికి గాలిని రానివ్వని కట్టడి. పైపైన తుడిస్తే పోయే తుప్పుతో ప్రమాదం లేదు. దుకాణంలో సగం ధరకు పెట్టిన సొట్ట డబ్బాల బుట్టలో చేయి పెట్టేముందు ఈ అంచును ఒకసారి వేలితో తడిమి చూడండి. తెరిచేముందు మూతను కడగడం కూడా మరచిపోవద్దు. గోదాముల్లో ఎన్నో చేతులు మారి వచ్చిన మూత అది, కోసేటప్పుడు లోపలికి మునుగుతుంది.

డబ్బాను అలాగే పొయ్యి మీద పెట్టి వేడిచేయకూడదు. మూత తీయకుండా పెడితే పేలుతుంది. మూత తీసి పెట్టినా లోపలి పూత అందుకోసం చేసినది కాదు. గంధకపు వాయువులు లోహాన్ని నల్లబరచకుండా ఉండడానికి డబ్బా లోపల పలుచని పూత వేస్తారు. చాలాకాలం ఆ పూతలో బిస్ఫినాల్ ఏ అనే పదార్థం ఉండేది. శరీరంలోని హార్మోన్ల పనికి అది అడ్డుపడుతుందన్న ఆందోళనతో యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబరులో ఆహారాన్ని తాకే వస్తువుల్లో దాన్ని నిషేధించింది, మారడానికి పరిశ్రమకు కొంత గడువు ఇచ్చింది. ఆ పదార్థం లేని పూతలకు ఇప్పటికే మారిన కంపెనీలు ఆ సంగతిని డబ్బా మీదే రాస్తున్నాయి.

కొలతల గురించి ఒక మాట, ఎందుకంటే అమ్మల వంటలను డబ్బాలతో చేయబోయి చాలామంది తప్పేది ఇక్కడే. కప్పు ఎండు రాజ్మా ఉడికితే రెండున్నర నుంచి మూడు కప్పులు అవుతుంది. ఒక డబ్బా వడకడితే వచ్చేది కప్పున్నర. అమ్మ ఫోనులో "కప్పు రాజ్మా" అని చెబితే రెండు డబ్బాలు తెరవాలి. భారతదేశంలో ఉండి రాత్రి గింజలు నానబెట్టుకునే వీలున్నవాళ్ళకు డబ్బా కొనమని నేను చెప్పను. ఎండు గింజ చవక, ఉప్పు మన చేతిలో ఉంటుంది, కట్టూ మనదే. రాత్రి ఎనిమిదింటికి ఇంటికి చేరి తొమ్మిదింటికి పిల్లలకు అన్నం పెట్టవలసినవాళ్ళకు మాత్రం డబ్బా పెద్ద అండ. దాన్ని తక్కువ చేసి చూడడం నాకు నచ్చదు.

శనగల కట్టుకు ఈ మధ్య మరో గౌరవం దక్కింది. 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచి గాయకుడు గింజల కట్టును గిలకొడితే కోడిగుడ్డు తెల్లసొనలా నురగ కట్టి నిలబడుతుందని కనుగొన్నాడు. మరుసటి ఏడాది గూస్ వోల్ట్ అనే అమెరికన్ మామూలుగా తెల్లసొన, చక్కెర గిలకొట్టి చేసే మెరాంగ్ అనే మిఠాయిని గుడ్డు లేకుండా ఆ కట్టుతో చేసి, దానికి ఆక్వాఫాబా అని పేరు పెట్టాడు. లాటిన్‌లో నీరు, గింజ అన్న రెండు మాటలు కలిపిన పేరది. మూడు పెద్ద చెంచాల కట్టు ఒక గుడ్డుకు బదులు. గుడ్డు తినని ఇళ్ళలో పుట్టినరోజు కేకుకు ఇది నిజంగా పనికొస్తుంది. ఉప్పు కలపని శనగల డబ్బా నుంచే తీసుకోవాలి.

ఆ సాయంత్రం అమ్మ రెండో డబ్బా తనే తెరిచింది. అది ఉప్పు కలపనిది. కట్టును గిన్నెలోకి వంచి పక్కన పెట్టి, నిమ్మకాయంత చింతపండు పిసికి, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేసి, రెండు రెబ్బల కరివేపాకుతో మరిగించింది. ఇంగువ పోపు పెట్టింది. ఉప్పు తనే వేసింది. ఇప్పుడు నేనూ అలాగే చేస్తున్నాను. ఉప్పు కలపని డబ్బా తెరిచిన ప్రతిసారీ కట్టును గాజు సీసాలోకి వంచి ఫ్రిజ్‌లో పెడతాను, మూడు నాలుగు రోజుల్లో చారులోకి వాడేస్తాను. మిగిలిన గింజలను కూడా డబ్బాలో వదలకుండా గాజు గిన్నెలోకి మార్చి అదే గడువులో తినేస్తాం. ఆ వారంలో చారు పెట్టే వీలు లేదనిపిస్తే కట్టును మంచు ముక్కల పళ్ళెంలో పోసి గడ్డకట్టించి, రసంలోకి నాలుగేసి ముక్కలు వేస్తాను.